చిన్న ఫోనులో ఎవరి ముఖం

జనగామ స్టేషన్ రోడ్డులో నరేందర్ దుకాణం. అందులో కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసే అనితకు ఫ్లెక్సీ యంత్రం కదిలితే చాలు, ముక్కు మూసుకోవాలనిపించేది. రంగుల వాసన ఘాటుగా వచ్చి ముక్కులో దిగబడుతుంది. మధ్యాహ్నం డబ్బా విప్పితే అన్నంలో కూడా అదే వాసన. అయినా వాసనకు మనిషి అలవాటు పడతాడు. ఆమె అలవాటు పడలేకపోయింది ఆ షీటు మీద ఒకటొకటిగా దిగే ముఖాలకు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి రోడ్డు మీద వంటావార్పు. ఏది జరిగినా ముందు ఫ్లెక్సీ పడాలి. ఫ్లెక్సీ పడాలంటే ఎవరి తల ఎంత ఉండాలో తేలాలి. పైన పెద్ద నాయకుడు, పక్కన జిల్లా నాయకుడు, ఆ కింద మండలం నాయకుడు, అడుగున తపాలా బిళ్ళలంత తలలతో ఊరి కుర్రకారు. ఒకసారి ఉద్యమం కోసం ప్రాణం పోగొట్టుకున్న ఒక పిల్లవాడికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలని నలుగురు వచ్చారు. "మా అన్న తలకంటె వాని తల పెద్దగెట్ల పెడ్తవ్?" అని దుకాణంలోనే చొక్కాలు పట్టుకున్నారు. తగువు తీరేసరికి చనిపోయినవాడు కింది మూలకు వెళ్ళిపోయాడు. పైన నలుగురూ నవ్వుతున్నారు. శ్రద్ధాంజలిలో నవ్వే ఫోటోలేమిటని అనిత అడగబోతే నరేందర్ కళ్ళతోనే ఆపాడు.

"మనకెందుకు చెల్లె? అడిగినట్టు ఏసియ్యి, పోని."

అనితది కొత్తగూడ అడవిలో గంగారం దగ్గరి తండా. తండ్రి భోజ్యా పోడు కొట్టుకుని మొక్కజొన్న వేసేవాడు. ఇంట్లో మాట లంబాడీ మాట. తెలుగు ఆమెకు ఆశ్రమ పాఠశాలలో వచ్చింది, ఇంగ్లీషు మానుకోట డిగ్రీ కాలేజీలో కొద్దిగా, మిగతాది హైదరాబాదులో. వెబ్‌సైట్లు చేసే పని అమీర్‌పేటలో నేర్చుకుంది. ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం కూడా వచ్చింది. పని బాగానే చేసేది గానీ నోరు విప్పితే చాలు, పక్క బల్ల మీది వాళ్ళు ఒకరినొకరు చూసుకునేవారు. "ఏంది" అంటే "ఏంది" అని సాగదీసి వెక్కిరించేవారు. ఓరోజు మీటింగులో ఆమె "గిది ఇట్ల పెడదామా?" అంటే టీమ్ లీడర్ టేబుల్ కొట్టి మరీ నవ్వాడు. సినిమాలో కమెడియన్‌లా ఉందన్నాడు. అంతమందిలో ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు ఆ సాయంత్రమంతా తన మీద తనకే రోత పుట్టింది.

సకల జనుల సమ్మె వచ్చినప్పుడు ఆమె ఉద్యోగం వదిలేసింది. రోడ్ల మీద బతుకమ్మలు ఆడే ఆడవాళ్ళలో తనూ ఒకతై తిరిగింది. మన మాటకు, మన మనుషులకు ఒక విలువ వస్తుందని గట్టిగా నమ్మింది. సమ్మె చల్లబడ్డాక హైదరాబాదుకు తిరిగి వెళ్ళబుద్ధి కాలేదు. నరేందర్ ఫ్లెక్సీలతో పాటు వెబ్‌సైట్లు కూడా మొదలుపెడతానంటే జనగామలో దిగిపోయింది. ఒక స్కూలుకు, రెండు ఫంక్షన్ హాళ్ళకు, ఒక విత్తనాల దుకాణానికి చేసింది. అవన్నీ కంప్యూటర్ మీద చూడటానికి చేసినవే. అప్పటికింకా అందరూ అలాగే చేసేవారు. ఫోనులో తెరిస్తే అక్షరాలు ఆవగింజలయ్యేవి, పేజీ తెర దాటి పక్కకు పారిపోయేది.

ఆ కాలంలో ఒక మధ్యాహ్నం జగపతి వచ్చాడు.

జగపతిది ఆ చుట్టుపక్కల పేరున్న ఇల్లు. ఉద్యమ వేదిక అని ఒకటి పెట్టుకుని, ఏ ధర్నా జరిగినా ముందు వరసలో కనిపించేవాడు. మనిషి తెల్లగా ఇస్త్రీ మడత నలగకుండా ఉంటాడు. వక్కపొడి నములుతూ మాట్లాడతాడు. వెనక ఒకడు ఆయన ఉమ్మడానికని ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని నిలబడతాడు. ఆ గ్లాసు చూసినప్పుడే అనితకు ఒళ్ళు జలదరించింది. అయితే ఆయన అన్న మాట మాత్రం ఆమెను కదిలించింది.

"ఇంతమంది పోరగాళ్ళు పానాలిచ్చిన్రు. వాళ్ళ పేర్లు పేపర్లల్ల ఒక్కనాడొచ్చి పోయినయ్. మల్ల ఎవ్వడు తలుస్తలేడు. వాళ్ళందర్నీ ఒక్కతాన పెట్టి వెబ్‌సైట్ చెయ్యాలె బిడ్డా. పపంచమంత చూడాలె." అంటూ కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

అనిత ఆ కన్నీళ్ళు నమ్మింది.

ఫోటోల కోసం ఆమే కుటుంబాల దగ్గరికి తిరిగింది. బస్సుల్లో, ఆటోల్లో, కొన్నిచోట్ల నడిచి. భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడైన లచ్చయ్య తన కొడుకు ఫోటో బీరువాలోంచి తీసి, ఇవ్వడానికి చేతులు రాక మళ్ళీ లోపల పెట్టి, మళ్ళీ తీశాడు. మానుకోట అవతల ఒక తండాలో రెడ్యా అనే ముసలాయన తన మనవడి గురించి చెబుతూ, వచ్చిన పిల్ల తమ మాటే మాట్లాడుతుందని తెలిసి తెలుగు విడిచేసి లంబాడీలో ఏడ్చాడు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. తమ పిల్లవాణ్ణి తలుచుకునే మనిషి ఒకరు గుమ్మం ఎక్కారని వాళ్ళ తృప్తి, అంతే.

చిల్పూరు గుట్టకు ఇవతల ఒక ఊళ్ళో యాకమ్మ ఉండేది. కూలికి పోయి కొడుకు హరీశ్‌ను డిగ్రీ చదివించింది. వాడు ఒక ఉత్తరం రాసిపెట్టి పోయాడు. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, అనిత అడగలేదు. ఇంట్లో కూతురు మౌనిక దగ్గర ఒక చిన్న ఫోను ఉంది. తెర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఒక మూల పగిలింది.

"నా కొడుకు గీ డబ్బల కనవడ్తడా బిడ్డా?" అని అడిగింది యాకమ్మ ఆ ఫోను ముందుకు చాపి. "కంప్యూటర్ మాకేడిది? ఊళ్ళె సర్పంచు ఇంట్ల కూడ లేదు."

"కనవడ్తడవ్వా" అంది అనిత. "గిదే ఫోన్ల కనవడేటట్టు చేస్త."

మాటయితే ఇచ్చింది గానీ, ఆ పని అంతకుముందు ఆమె చేసి ఎరగదు. తెర ఎంతున్నా దానికి తగ్గట్టు పేజీ తనంతట తాను సర్దుకునే పద్ధతి అప్పుడప్పుడే బయటి దేశాల్లో మొదలైంది. రెస్పాన్సివ్ డిజైన్ అంటున్నారు. దుకాణంలో నెట్ వచ్చినప్పుడల్లా దాని గురించి చదివింది. నరేందర్‌కు అర్థం కాక అడిగితే పెళ్ళి భోజనాలతో చెప్పింది.

"పెద్ద హాలైతే నాలుగు బంతులు ఏస్తం. ఇరుకిల్లయితే ఒక్కటే బంతి ఏసి, ఒకల ఎన్క ఒకలను కూసోబెడ్తం. మనుషులు గాళ్ళే, కూర గదే. జాగ లేదని ఎవ్వర్ని ఎల్లగొట్టం గదా అన్నా? గిది గూడ గంతే."

ఆమె మిగతావాళ్ళలా పెద్ద తెరతో మొదలుపెట్టలేదు. మౌనిక ఫోనులాంటిదే ఒకటి పాతది సంపాదించి, ముందు దానికి సరిపడేలా చేసుకుంది. అంత చిన్న చోటులో ఏది ముందు రావాలన్నదే అసలు ప్రశ్న. ఫోటో ముందు, పేరు దాని కింద, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వాళ్ళు చెప్పిన నాలుగు మాటలు. పాత ఫోన్లలో తెలుగు అక్షరాలు గళ్ళుగళ్ళుగా విరిగిపోతున్నాయని పేర్లన్నీ బొమ్మలుగా చేసి పెట్టింది. బొమ్మ బరువైతే పల్లెల్లో తెరుచుకోదని ఒక్కొక్కదాన్నీ తేలిక చేసింది. తెర పెరిగితే రెండు వరసలు, ఇంకా పెరిగితే నాలుగు. జగపతి ఫోటో, వేదిక గురించిన మాటలు పెద్ద తెరలో పక్కన ఒక నిలువు పట్టీలో వచ్చేవి. చిన్న ఫోనులో పక్కన చోటుండదు కాబట్టి అన్నిటికంటే అడుగున.

చూపించే రోజు జగపతి తన అనుచరులతో వచ్చాడు. కొత్తగా కొన్న ట్యాబ్ మీద చూసి మురిసిపోయాడు. కుడిపక్క తన ఫోటో నిండుగా ఉంది. "శభాష్" అన్నాడు. ఇంతలో గ్లాసు పట్టుకునేవాడు తన ఫోనులో తెరిచాడు. వాడు వేలితో పైకి తోస్తూనే ఉన్నాడు. ముఖాలు, ముఖాలు, ఇంకా ముఖాలు.

"అన్నా, మీరు లేరే."

జగపతి ఫోను లాక్కుని తోశాడు. ఎక్కడో అడుగున దొరికాడు తనకు తాను. నమలడం ఆగిపోయింది.

"గిదేంది?"

అనిత చెప్పింది. చిన్న తెర మీద చోటు తక్కువ, ముందు వాళ్ళు రావాలి, మీరు కింద ఉన్నారు, తీసెయ్యలేదు, అని.

"ఊర్లల్ల జనం చూసేది దేంట్ల? ఫోన్ల. కంప్యూటర్ల ఎవడు చూస్తడు? ఫోన్ల నేను అడుగున వడితె ఇగ గీ వెబ్‌సైట్ ఎందుకు నాకు?" గ్లాసులో ఉమ్మాడు. ఎర్రటి చుక్క ఒకటి ఆమె కీబోర్డు మీద పడింది. ఆయన చూసుకోలేదు, చూసినా తుడవడు. "గట్ల కాదు. ఫోన్ల తెరువంగనె నా ఫోటువ రావాలె. చెయ్యెత్తి దండం పెట్టేది ఉంది గదా, గది. దాని కింద వేదిక పేరు. గంతే. వీళ్ళంతా కంప్యూటర్ల ఉంటరు గదా, సాలు."

"వాళ్ళ అమ్మలకు కంప్యూటర్లు లేవు సార్. వాళ్ళు ఫోన్లనే చూస్తరు."

"చూసి ఏం జేస్తరు? పోయినోళ్ళు తిరిగొస్తరా?"

వెనకనున్న ఇద్దరు నేల చూపులు చూశారు. అనిత మాత్రం తలెత్తి అడిగింది.

"మరి వాళ్ళ పేరు మీద ఎందుకు చేయించిన్రు సార్?"

జగపతి ముఖం నల్లబడింది. ఆమె వైపు కాకుండా నరేందర్ వైపు తిరిగాడు. "ఎవలు గీ పిల్ల? తండల పుట్టి, మొన్న తెలుగు నేర్చుకుని, ఉద్యమం గురించి నాకు చెప్తాంది. గా లంబాడి మాట ఇంట్ల మాట్లాడుకొమ్మను. ఈడ నేను చెప్పింది చెయ్యమను." పక్కనున్నవాడు ఆమె యాసను అనుకరించి ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. జగపతీ నవ్వాడు.

అదే నవ్వు. హైదరాబాదు మీటింగులో టేబుల్ కొట్టి నవ్విన నవ్వుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. మన మాటను ఎగతాళి చేశారని మైకు పట్టుకుని గొంతు చించుకునే మనిషి, తనకంటే కింద ఇంకొకరు దొరికేసరికి అదే నోటితో అలాగే నవ్వుతున్నాడు. అనితకు ఏడుపు రాలేదు. కుళ్ళిన గుడ్డు పగిలినప్పుడు ముఖం ఎలా పక్కకు తిరిగిపోతుందో అలా తిరిగిపోయింది. వాళ్ళు వెళ్ళాక కీబోర్డును తడిగుడ్డతో తుడిచింది. ఎంత తుడిచినా తృప్తి కాలేదు. తీసి బయట పెట్టి పాతది తెచ్చుకుంది.

"నేను చెయ్యనన్నా" అంది నరేందర్‌తో.

నరేందర్ చెడ్డవాడు కాదు, పిరికివాడు. పొద్దున లేస్తే ఆ నాయకులతోనే పని. "నీ చేతులతోని చెయ్యకు, సరే. నేనే చేసుకుంట" అన్నాడు. అన్నంత పనీ చేశాడు. తెర చిన్నదైతే పిల్లల ఫోటోలన్నిటినీ దాచెయ్యమని చెప్పే ఒక్క వరస, నాయకుడి ఫోటోను పైకి తెమ్మని ఇంకో వరస. అంతకంటే పెద్ద పనేం కాదది.

అనిత అప్పుడే వెళ్ళిపోవలసింది. వెళ్ళకుండా ఆగింది యాకమ్మ కోసం. ప్రారంభానికి కుటుంబాలన్నిటినీ పిలిచారని తెలిసింది. వాళ్ళు అక్కడికి వచ్చి, ఫోను తెరిచి, ఏం చూస్తారో అన్న భయం ఆమెను కాళ్ళు కట్టేసినట్టు పట్టేసింది.

జనగామలో ఫంక్షన్ హాలు. తల్లులందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి మెడలో కండువాలు వేశారు. వేదిక మీద కుర్చీల కోసం తోపులాట జరిగింది. వెనక గోడ మీద తెర కట్టి ప్రొజెక్టర్‌తో వెబ్‌సైట్ చూపించారు. అంత పెద్ద తెర మీద పిల్లలందరూ నాలుగు వరసల్లో వచ్చారు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకామె గొల్లుమంది. కెమెరాలు ఆమె మీదికి ఉరికాయి. జగపతి వేదిక దిగి వచ్చి, కెమెరాలు సరిగ్గా కుదురుకునేదాకా ఆగి, అప్పుడు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. శవాల మీద పేలాలు ఏరుకోవడం అంటారు. అనిత ఆ సామెత విన్నదే గానీ కళ్ళతో చూడటం అదే మొదలు.

వెనక వరసలో కూర్చున్న ఆమె దగ్గరికి మౌనిక వచ్చింది. "అక్కా, గిట్లొస్తాంది ఏంది?" అని ఫోను చూపించింది. పగిలిన తెర మీద జగపతి దండం పెడుతున్నాడు. కిందికి తోస్తే వేదిక పేరు, ఇంకేమీ లేదు. "మా ఫోన్ ఖరాబైందా? అన్న యాడున్నడు?"

అనిత జవాబు చెప్పేలోపే, కూతురి వెనకే వచ్చిన యాకమ్మ ఆ ఫోను పట్టుకుని జగపతి దగ్గరికే వెళ్ళింది. పాపం, అందరికంటే ఆయనే దగ్గరివాడనుకుంది.

"బాంచెన్, గీ పోన్ల నా కొడుకు కనవడ్తలేడు. జర చూడున్రి."

జగపతి ఫోను చూశాడు. అందులో తనను తాను చూసుకున్నాడు. చిరునవ్వు చెదరలేదు.

"నీ పోను చిన్నదవ్వా. పెద్దది కొనుక్కో, కనవడ్తడు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇది కూడా తమాషా అనుకుని నవ్వారు.

యాకమ్మ నవ్వలేదు, కోపగించనూ లేదు. తన దగ్గర ఉన్నది చిన్న ఫోను కావడం తన తప్పే అన్నట్టు తల ఊపి వెనక్కి వచ్చింది. ఆ తల ఊపడం అనిత చూసింది. పక్కన ఎవరో బిర్యానీ పొట్లం ఇవ్వబోతే చేత్తో తోసేసింది. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసింది, డాంగిల్ గుచ్చింది. సైటు తాళాలు, అదే పాస్‌వర్డులు, ఇంకా ఆమె దగ్గరే ఉన్నాయి. వేదిక మీద ఎవరో అమరుల త్యాగం గురించి అరుస్తుండగా, నరేందర్ రాసిన ఆ వరసలు కొట్టేసింది.

అక్కడితో ఆగి ఉంటే న్యాయంగా ఉండేది. ఆగలేదు. దాచెయ్యమన్న అదే మాటను తీసి జగపతి ఫోటోకు తగిలించింది. తెర చిన్నదైతే ఆయన కనిపించడు. అడుగున కూడా కనిపించడు. అది కచ్చతోనే చేసింది. చేసినందుకు తరువాత ఎప్పుడూ బాధపడలేదు.

"ఇప్పుడు తెరువు" అంది మౌనికతో.

పేజీ మెల్లగా దిగింది. ముందు భూపాలపల్లి పిల్లవాడు, తరువాత ఎవరో, ఆ తరువాత హరీశ్. చెక్స్ చొక్కా, పక్కకు దువ్విన జుట్టు. యాకమ్మ ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఆ తెరను కొంగుతో తుడిచింది. తుడిచిన చోట వేలు తగిలి పేజీ జరిగిపోతే బెదిరిపోయింది. మౌనిక మళ్ళీ వెనక్కి తెచ్చి ఇచ్చింది. సభ అయిపోయేదాకా తల్లి ఇంక వేదిక వైపు చూడలేదు.

జగపతి ఆ సంగతి చాలాకాలం కనిపెట్టలేదు. ఆయన ఎప్పుడూ ట్యాబ్‌లోనే చూసుకునేవాడు. అందులో నిండుగా ఉండేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరికి తెలిసింది గానీ, చెబితే ముందు చెప్పినవాడికే చీవాట్లు. నరేందర్‌కూ తెలుసు. ఒకటి రెండుసార్లు అనిత వైపు చూసి నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. చిన్న ఫోన్లున్న ఊళ్ళన్నిటిలో జగపతి లేని పేజీయే తిరిగింది. లచ్చయ్య బాయి దగ్గర తోటివాళ్ళకు చూపించేవాడట. రెడ్యా తండాలో ఎవరి దగ్గర బ్యాలెన్స్ ఉంటే వాళ్ళ ఫోనులో మనవణ్ణి చూసుకునేవాడట.

బయటపడింది రఘునాథపల్లి వైపు ఒక ఊరి సభలో. జగపతి మైకులో, "మీ మీ ఫోన్లు తియ్యున్రి, మన వెబ్‌సైట్ తెరువున్రి, నేను ఏమేం చేసిన్నో చూడున్రి" అన్నాడు. కుర్రవాళ్ళు తెరిచారు. ఒకడు లేచి, "అన్నా, గీంట్ల నువ్వు లేవు" అన్నాడు. ఇంకొకడు, "నా దాంట్ల గూడ లేవు" అన్నాడు. సభంతా నవ్వులు.

మర్నాడు దుకాణం షట్టరు ఇంకా పూర్తిగా లేవకముందే ఆయన వచ్చేశాడు. బూతులు మొదలుపెట్టాడు. వాటిలో అనిత పుట్టుక ఉంది, తండా ఉంది, ఆడదన్న మాట ఉంది. నరేందర్ చేతులు జోడించి నిలబడ్డాడు. అనిత ఆయన అలిసిపోయేదాకా ఆగింది.

"మీ ట్యాబ్ పెద్దది సార్. దాంట్ల మీరు కనవడ్తరు" అంది. "యాకవ్వకు మీరు చెప్పిన మాటనే చెప్తున్న."

జగపతికి ఆ పేరు ఎవరిదో తెలియలేదు. అది ఆయన ముఖంలోనే కనిపించింది. యాకమ్మ ఎవరు అన్నట్టు అనుచరుల వైపు చూశాడు. అన్ని బూతులకూ రాని అసహ్యం ఆమెకు ఆ చూపుతో వచ్చింది. కండువా కప్పాడు, కెమెరా ముందు ఓదార్చాడు, పేరు కూడా తెలుసుకోలేదు.

ఆమె లేచింది. బ్యాగు సర్దుకుంది. "చెల్లె, నన్ను తప్పు పట్టకు" అని నరేందర్ గొణిగాడు. "నిన్ను పట్టి ఏం లాభమన్నా" అని మెట్లు దిగింది.

ఆ వెబ్‌సైట్ కథ అక్కడే ముగియలేదు. మొదట తాళాలు మార్చారు. ఫోనులో జగపతి దండం తిరిగి వచ్చింది. రాష్ట్రం ఇచ్చే మాట ఖాయమయ్యేసరికి ఆయన కండువా రంగు మార్చాడు. ఎన్నికలకు ముందు పెద్ద తెర మీద కూడా పిల్లల ఫోటోలు తీసేసి, ఆ చోట తన పాదయాత్ర బొమ్మలు పెట్టుకున్నాడు. టికెట్ రాలేదు. రాకపోయేసరికి సైటును పట్టించుకునేవాడు లేక మూతబడింది. రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో మాత్రం ఆయన ముఖం మేడంత ఎత్తున లేచింది. అందులో అమరులకు జోహార్లు అని ఒక మూల రాసి ఉంది. పేర్లు లేవు. అనిత ఆ రోజు బస్సులో ఆ చౌరస్తా దాటింది. బయట రంగులు చల్లుకుంటున్నారు, డప్పులు కొడుతున్నారు. తను కూడా దిగి ఆడాలనుకున్న రోజది. ఎన్నాళ్ళుగానో అనుకున్న రోజు. కిటికీ అద్దం జరిపి మూసుకుంది.

అప్పటికి ఆమె మానుకోటలో ఉంటోంది. కంప్యూటర్ నేర్పే సంస్థలో పాఠాలు చెబుతూ, మిగతా వేళల్లో వెబ్‌సైట్లు చేసేది. కుటుంబాలు ఇచ్చిన అసలు ఫోటోలు ఆమె దగ్గరే ఉన్నాయి. ఒక్కొక్కరి ఇంటికీ మళ్ళీ వెళ్ళి అడిగి, వాళ్ళు ఒప్పుకున్నాక, సొంతంగా ఒక పేజీ పెట్టింది. దానిలో నాయకుడు లేడు, వేదిక లేదు, చేసినవారి పేరు కూడా లేదు. అంతకుముందు చేసిన దానికంటే తేలిక. ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. పెద్ద తెర మీద పెడితే చుట్టూ చాలా ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఏదైనా పెట్టవచ్చు కదా అని స్నేహితులు అంటే, వద్దంది.

ఒకసారి ఆ పేజీ సరిగ్గా వస్తోందో లేదో చూడటానికి చిల్పూరు వైపు వెళ్ళింది. యాకమ్మ అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు మౌనిక చుట్టూ మూగి ఉన్నారు. మౌనిక కొత్త ఫోను కొనుక్కుంది, తెర కొంచెం పెద్దది. హరీశ్ ఫోటో అందులో ఇంకా బాగా కనిపిస్తోంది. పక్కింటి గట్టమ్మ ఆ ముఖాలన్నిటినీ ఒకటొకటిగా చూసి ముచ్చటపడింది. హరీశ్ ఒక్కడే కాదు, మిగతావాళ్ళూ పోయినవాళ్ళేనని ఆమెకు తెలిసినట్టు లేదు.

"మస్తుగ చేసినవ్ బిడ్డా" అంది అనితతో. "మా మనుమడు గూడ ఇంటర్ సదువుతాండు. మంచిగుంటడు. వాని పోటువ గూడ ఒకటి ఎక్కియ్యరాదు గీంట్ల?"

మౌనిక తల దించుకుంది. యాకమ్మే కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని, తెర ఆరిపోయేదాకా పట్టుకుని, ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

"వద్దే గట్టమ్మా" అంది. "గీంట్ల ఇగ ఎవ్వరు ఎక్కద్దు. నీ మనుమని సదువుకోనియ్యి."